ఇంజనీరింగు చదివి అమ్మకాలకు పోవడమా?

పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తర్వాత చర్చి ముందర వేపచెట్టు నీడలో నిలబడి ఉన్నాము. మా సంఘంలోని ఒక తల్లి, బైబిలులో మడిచి పెట్టుకొన్న కాగితం ఒకటి తీసి మా చేతికిచ్చింది.

"మీ అబ్బాయి కూడా ఈ పనే కదయ్యా చేస్తా ఉండేది. చదివి చెప్పండి. మావోణ్ణి పంపొచ్చునా, వద్దా?"

అది చెన్నైలోని ఒక కంపెనీ ఇచ్చిన ఉద్యోగపు ఉత్తరం. ఫ్యాక్టరీలకు పంపులు, కంప్రెసర్లు అమ్మే సంస్థ అది. ఉద్యోగం పేరు సేల్స్ ఇంజనీర్. "నాలుగేండ్లు ఇంజనీరింగు చదివించినాము. తీరా చూస్తే అమ్మకాల్లోకి రమ్మంటా ఉండారు. నలుగురూ నవ్వరా?" అని ఆమె కండ్ల నీళ్ళు పెట్టుకొంది.

మేము ఆమెకు అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాము. ఎందుకంటే ఇదే ప్రశ్న 2011లో మా ఇంట్లో పుట్టింది. అప్పుడు మేము చెప్పిన జవాబు తప్పు. అది తప్పని తెలుసుకోవడానికి మాకు కొన్నేండ్లు పట్టింది. మా ప్రాంతంలోని ఎన్నో కుటుంబాలు ఈ ప్రశ్న ముందు నిలబడి ఉన్నాయి గనుక, ఆ తల్లికి చెప్పవలసిన మాటలన్నీ ఇక్కడ వ్రాస్తున్నాము.

మా ఇంటి సంగతి

మాది నగరికి దగ్గరలోని ఒక పల్లె. ఈ వైపు యంత్రమంటే ఎవరికీ కొత్త కాదు. నగరి, ఏకాంబరకుప్పం, పుత్తూరు, నారాయణవనం, ఎటు పోయినా వీధుల్లో మరమగ్గాల చప్పుడు వినిపిస్తుంది. ఇంట్లో మగ్గానికి మోటారు, పొలంలో బోరుకు మోటారు. మా అబ్బాయి ఆ చప్పుడులోనే పెరిగాడు. పదేండ్ల వయసులోనే మోటారు శబ్దం విని బేరింగు పోయిందో లేదో చెప్పేవాడు. వాణ్ణి మెకానికల్ ఇంజనీరింగులో చేర్పించడానికి మేము అరెకరం మామిడి తోపు కుదువ పెట్టాము.

చదువు ముగిసిన తర్వాత శ్రీపెరుంబుదూరు వైపు, కార్ల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో వాడికి ట్రైనీగా పని దొరికింది. ఊరంతా మిఠాయి పంచాము. "ఫ్యాక్టరీలో ఇంజనీరు" అని చెప్పుకోవడంలో మాకెంత గర్వముండేదో దాచుకోనవసరం లేదు. రెండేండ్లు గడిచినా వాణ్ణి పర్మనెంటు చేయలేదు. ఒకే యంత్రం దగ్గర నిలబడి, గంటకు ఎన్ని ముక్కలు వచ్చాయో లెక్క వ్రాసుకోవడమే వాడి పని అయ్యింది.

ఒక రాత్రి ఆ ఫ్యాక్టరీలో గాలి కంప్రెసర్ ఆగిపోయిందట. అమ్మిన సంస్థ తరఫున ఒక ఇంజనీరు వచ్చాడు. వచ్చీ రాగానే స్పానరు పట్టుకోలేదు. ఈ గాలి ఎక్కడెక్కడికి పోతుంది, ఎన్ని గంటలు నడుస్తుంది, వేసవిలో గదిలో వేడి ఎంత ఉంటుంది అని అరగంట ప్రశ్నలు వేశాడు. ఆ తర్వాతనే యంత్రం మీద చెయ్యి వేశాడు. "అతను రోజుకొక ఫ్యాక్టరీ చూస్తాడు నాయనా. మేము రెండేండ్లలో ఒక్క మిషన్నే చూసినాము" అని మా అబ్బాయి తర్వాత చెప్పాడు.

ఆరు నెలలు తిరగకముందే వాడు ఫ్యాక్టరీ మాని, జనరేటర్లు, కంప్రెసర్లు, పంపులు అమ్మే ఒక డీలరు దగ్గర చేరాడు. ఆ సంగతి చెప్పడానికి ఇంటికి వచ్చిన రోజు మేము నోరు జారాము.

"తోపు కుదువ పెట్టి చదివించింది ఊరూరూ తిరిగి సామాన్లు అమ్ముకునేదానికా?"

వాడు తలవంచుకొని అన్నం తిని, తెల్లవారకముందే తిరుత్తణి బస్సెక్కి పోయాడు. మూడు నెలలు ఇంటికి ఫోను కూడా సరిగా చేయలేదు. వాళ్ళమ్మ ప్రతి రాత్రి కుటుంబ ప్రార్థనలో వాడి పేరు ఎత్తేది. మేము మౌనంగా ఉండేవాళ్ళం.

అసలు ఈ పని ఏమిటి?

మనలో చాలామందికి అమ్మకమంటే అంగడి గల్లాపెట్టె, లేదంటే తలుపు తట్టి సబ్బులు అమ్మే కుర్రవాడు గుర్తుకు వస్తారు. ఫ్యాక్టరీలకు యంత్రాలు అమ్మడం ఆ కోవకు చెందినది కాదు. సబ్బు నచ్చకపోతే మరుసటి నెల ఇంకొక సబ్బు కొంటాము. కంప్రెసరో, బాయిలరో, జనరేటరో ఒకసారి కొంటే పది పదిహేనేండ్లు దానితో కాపురం చేయాలి. కొన్న ధర కంటే అది తినే కరెంటు, డీజిలు ఖర్చే ఎక్కువవుతుంది. కాబట్టి అమ్మేవాడు ముందు లెక్క వేయాలి. లెక్క తెలియనివాడు ఈ పని చేయలేడు.

మన రైతులకు తెలిసిన బోరు పంపునే తీసుకొందాం. నీళ్ళు 60 మీటర్ల లోతు నుండి పైకి రావాలి, సెకండుకు 5 లీటర్లు కావాలి అనుకోండి. ఐదును అరవైతో హెచ్చించి 75తో భాగిస్తే 4 వస్తుంది. అంటే ఆ నీటిని ఎత్తడానికి మాత్రమే 4 హార్స్‌పవర్ కావాలి. మోటారు, పంపు రెండూ కలిసి సగం శక్తిని వేడిగా, రాపిడిగా పోగొట్టుకొంటాయనుకొంటే 8 హార్స్‌పవర్ అవుతుంది. పైపులో నీటి ఒరిపిడి కూడా చూసుకొని 10 హార్స్‌పవర్ మోటారు పెట్టుకోవచ్చు. ఈ లెక్క వేయనివాడు 15 హార్స్‌పవర్ అంటగట్టి పోతాడు. లేదా ధర తగ్గించి చూపించడానికి 5 హార్స్‌పవర్ ఇస్తాడు, అది ఒక వేసవికే కాలిపోతుంది. రెండు విధాలా నష్టపోయేది రైతే.

ఇక్కడ పనికి వచ్చిన విద్య ఏది? కాలేజీలో నేర్చిన విద్యే. తేడా ఒక్కటే. ఫ్యాక్టరీలోని ఇంజనీరు యంత్రం పక్కన నిలబడి ఆ విద్య వాడుతాడు. ఇతడు కొనేవాని పక్కన కూర్చొని వాడుతాడు. అవసరం కనుక్కోవాలి, కొలవాలి, తగిన యంత్రం ఎంచాలి, ధర కాగితం వ్రాసివ్వాలి, టెండరు ఉంటే దాని షరతులు చదవాలి, యంత్రం వచ్చాక బిగించి నడిపించే రోజున దగ్గర ఉండాలి, చెడిపోతే పలకాలి. నగరి పిల్లలకు ఇందులో ఇంకొక మేలు కూడా ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో తమిళం రెండూ నాలుక మీద ఉంటాయి. ఒక మిల్లు యజమానితో తమిళంలో, మగ్గం మేస్త్రీతో తెలుగులో మాట్లాడగలగడం చిన్న పెట్టుబడి కాదు.

ఈ దారిన నడిచిన వారు

వాడు చేసిన పని అవమానమని మేము అనుకొంటున్న ఆ దినాల్లో, మా సంఘంలో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి కొందరి చరిత్రలు చెప్పారు. తర్వాత మేము కూడా చదివి తెలుసుకొన్నాము.

ఆవిరి యంత్రాన్ని బాగుచేసిన జేమ్స్ వాట్ పేరు మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఉంది. ఆయన 1769లో పేటెంటు పొందాడు. కాని బేరాలంటే ఆయనకు ప్రాణం మీదికి వచ్చినట్లుండేది. బేరమాడటం కంటే ఫిరంగి ఎదుట నిలబడటమే మేలని ఆయన చెప్పుకొన్నాడు. 1775 నుండి మాథ్యూ బౌల్టన్ అనే వ్యాపారి ఆయనతో భాగస్వామి అయ్యాడు. ఇంగ్లండులోని కార్న్‌వాల్ గనుల్లో నీళ్ళు తోడడానికి యంత్రాలు కావాలి, అయితే అక్కడ బొగ్గు లేదు, ఓడల్లో తెప్పించుకోవాలి. వీరిద్దరూ గని యజమానుల ముందు ఒక కొత్త షరతు పెట్టారు: పాత యంత్రం కంటే మా యంత్రం ఎంత బొగ్గు మిగిలిస్తుందో కొలుద్దాం, ఆ మిగిలిన దాని విలువలో మూడోవంతు మాకివ్వండి. కొన్నవానికి లాభం కలిగితేనే అమ్మినవానికి డబ్బు. రెండు వందల యాభై ఏండ్ల నాటి ఆ బేరంలో ఎంత నీతి ఉందో చూడండి.

మన దేశంలో లక్ష్మణరావు కిర్లోస్కర్‌ను తీసుకోండి. ఆయన బొంబాయిలో మెకానికల్ డ్రాయింగు నేర్పే ఉపాధ్యాయుడు. ఆ ఉద్యోగం వదిలి బెల్గాంలో సైకిళ్ళ అంగడి పెట్టాడు. తర్వాత పశువుల మేత కోసే యంత్రాలు, ఇనుప నాగళ్ళు చేశాడు. ఇనుప నాగలి నేలను విషం చేస్తుందని రైతులు నమ్మేవారు. మొదటి నాగలి అమ్ముడుపోవడానికి రెండేండ్లు పట్టిందని చెబుతారు. నాగలి చేయడం కంటే రైతు మనసులోని భయం తీయడమే కష్టమైంది. 1910లో ఆయన స్థాపించిన కిర్లోస్కర్‌వాడి ఒక పారిశ్రామిక గ్రామమై పేరు పొందింది. ఆ ఇంటిపేరు గల పంపులు, ఇంజన్లు మన జిల్లా బావుల మీద కూడా చూస్తుంటాము.

మరి ఇద్దరు డెన్మార్కు దేశపు ఇంజనీర్లు. సోరెన్ టూబ్రో 1934లో, కోయంబత్తూరు దగ్గరి మధుక్కరై సిమెంటు ఫ్యాక్టరీలో యంత్రాలు బిగించడానికి వచ్చాడు. హెన్నింగ్ హోల్క్ లార్సెన్ 1937లో వచ్చాడు. ఇద్దరూ సిమెంటు యంత్రాల కంపెనీ ఉద్యోగులే. 1938లో ఉద్యోగాలు వదిలి బొంబాయిలో సొంత సంస్థ పెట్టారు. తమ దేశంలో తయారైన పాడి పరిశ్రమ యంత్రాలను ఇక్కడ అమ్మడమే వారి మొదటి వ్యాపారం. వారి ఆఫీసు ఎంత ఇరుకంటే ఒకసారికి ఒకరే కూర్చోగలిగేవారట. 1939లో యుద్ధం వచ్చింది, 1940లో జర్మనీ డెన్మార్కును ఆక్రమించింది, సరుకు రావడం ఆగిపోయింది. అమ్మడానికి యంత్రాలు లేనప్పుడు వారు చిన్న వర్క్‌షాపు పెట్టి తామే బాగుచేయడం, తయారుచేయడం మొదలుపెట్టారు. ఇంజనీర్లు గనుకనే అది చేయగలిగారు. అదే నేటి లార్సెన్ అండ్ టూబ్రో.

ఇంత దూరం పోనవసరం లేదు. మన చిత్తూరు జిల్లా పేటమిట్టలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడు గారు ఎలక్ట్రికల్ ఇంజనీరు. అమెరికాలో విద్యుత్ కేంద్రాల డిజైను చేసే సార్జెంట్ అండ్ లండీ సంస్థలో పనిచేసి, స్వదేశానికి తిరిగి వచ్చి, 1985లో అమరరాజా సంస్థను స్థాపించారు. తిరుపతి దగ్గరి కరకంబాడిలో దాని ఫ్యాక్టరీ ఉంది. కార్లకు వేసే అమరాన్ బ్యాటరీ 2000లో వచ్చింది. అంతకు ముందే ఆ సంస్థ రైల్వేలకు, టెలిఫోను వ్యవస్థలకు పనికివచ్చే పారిశ్రామిక బ్యాటరీలు చేసింది. మాటిమాటికి నీళ్ళు పోయనక్కరలేని మూత బ్యాటరీలు అప్పట్లో మన దేశానికి కొత్త. అటువంటి వస్తువు అమ్మాలంటే కొనే ఇంజనీరు వేసే ప్రతి ప్రశ్నకు అమ్మే ఇంజనీరు లెక్కతో జవాబు చెప్పవలసిందే.

ఈ సంగతులు విన్న తర్వాత మా మనసు కొంత మెత్తబడింది. వాడికి మేమే ఫోను చేశాము. అయితే అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. అది మా ఇంటి గడపలోకే వచ్చింది.

జనరేటరు సంగతి

2012లో కరెంటు కొరత ఎంత ఉండిందో మీకు గుర్తుండే ఉంటుంది. పరిశ్రమలకు విద్యుత్ సెలవులు ప్రకటించిన సంవత్సరమది. మరమగ్గాలు సగం దినం మూగపోయేవి. మా సంఘంలో పెద్ద అయిన ఒకాయనకు 24 మగ్గాలు ఉన్నాయి. ఆయనను మా అబ్బాయి చిన్నప్పటినుండి పెదనాయనా అని పిలుస్తాడు. ఆయన మా దగ్గరకు వచ్చి, "మీవాడు జనరేటర్లు అమ్ముతా ఉండాడు కదా, మంచిది ఒకటి ఇప్పించు" అన్నాడు. మేము సంతోషంగా, "మావాడు మోసం చేయడు అన్నా" అని మాట ఇచ్చాము.

ఆ నెల మావాడికి అమ్మకపు లక్ష్యం అందలేదు. పై అధికారి రోజూ ఫోను చేసి నిలదీస్తున్నాడు. అందుకు తోడు మా అమ్మాయి పెండ్లి దగ్గరపడుతోంది. పెద్ద యంత్రం అమ్మితే చేతికి వచ్చే ఇన్సెంటివూ పెద్దదే. వాడు 62.5 కేవీఏ జనరేటరు వ్రాసి ఇచ్చాడు. "ముందు ముందు ఇంకా మగ్గాలు పెడతావు కదా పెదనాయనా, అప్పటికి పనికివస్తుంది" అన్నాడు. ఆయన లెక్క అడగలేదు. బ్యాంకులో అప్పు చేసి కొన్నాడు.

లెక్క ఏమిటంటే, మగ్గానికి ఒక హార్స్‌పవర్ చొప్పున 24 మగ్గాలకు సుమారు 18 కిలోవాట్లు. మగ్గాలు ఒకటి తర్వాత ఒకటి ఆన్ చేస్తారు గనుక 30 కేవీఏ సరిపోయేది. ఆయన కొన్నది 50 కిలోవాట్లు ఇవ్వగలిగే యంత్రం. నూలు దొరకక సగం మగ్గాలే నడిచిన దినాల్లో ఆ జనరేటరు తన శక్తిలో ఐదోవంతు కూడా వాడలేదు. డీజిలు ఇంజనును అట్లా తక్కువ బరువు మీద ఎక్కువ కాలం నడిపితే డీజిలు పూర్తిగా కాలదు, మసి పేరుకొంటుంది, తయారయ్యే ప్రతి యూనిట్టుకూ డీజిలు ఎక్కువ పడుతుంది. యంత్రం ధరలో రెండు లక్షలకు పైగా అనవసరంగా పెట్టడమే కాక, నెలనెలా డీజిలులో కూడా ఆయన నష్టపోతూ వచ్చాడు.

ఏడాది తిరిగేసరికి ఒక ఆదివారం ఆయన చర్చిలో మా పక్కన కూర్చోలేదు. ముందు బెంచీలోకి పోయి కూర్చున్నాడు. గొడవపడలేదు, తిట్టలేదు. సర్వీసుకు వచ్చిన మెకానిక్కు ఎవరో ఆయనతో, "దీంట్లో సగం జనరేటరు మీకు చాలు కదా సార్, ఎవరు ఇచ్చినారు?" అన్నాడట. ఆయన మా అబ్బాయి పేరు చెప్పలేదట. ఆ మాట విన్నప్పుడు మాకు కలిగిన సిగ్గును ఇక్కడ వ్రాయడం కష్టం. ఊరూరూ తిరిగి అమ్ముకొంటాడని సిగ్గుపడిన మేమే, అసలు సిగ్గు అమ్మడంలో లేదని, ఏమి చెప్పి అమ్మామనే దానిలో ఉందని ఆనాడు తెలుసుకొన్నాము.

దొంగ త్రాసును గూర్చి సామెతల గ్రంథం చెప్పే సంగతి మన సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. త్రాసంటే సంతలో తూకం వేసేదే అనుకొంటాము. కొనేవానికి తెలియని లెక్క అమ్మేవానికి తెలిసినప్పుడు, ఆ లెక్కే త్రాసు. దాన్ని ఒకవైపు వంచితే అదీ దొంగ త్రాసే.

సరిదిద్దుకోవడం

మావాణ్ణి పిలిపించాము. ఈసారి తిట్టలేదు. "పెదనాయన ఇంటికి పోదాం పద" అన్నాము. ముగ్గురమూ వెళ్ళాము. వాడు ఆయన ఎదుట కాగితం మీద మగ్గాల లెక్క వేసి చూపించి, "ఈ లెక్క నాకు ఆ రోజే తెలుసు పెదనాయనా. చెప్పలేదు. నాదే తప్పు" అన్నాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "తప్పు తెలిసింది సరే, ఇప్పుడు ఏం చేస్తావు నాయనా?" అని మాత్రం అడిగాడు.

పెద్ద జనరేటరు అవసరమున్న ఒక కళ్యాణ మండపాన్ని వెదికి పట్టుకోవడానికి వాడికి ఆరు నెలలు పట్టింది. సెలవు దినాల్లో మోటారు సైకిలు మీద తిరుత్తణి, పుత్తూరు, సత్యవేడు వైపు తిరిగాడు. పాత యంత్రం గనుక కొంత తక్కువకే పోయింది. ఆ తక్కువైన సొమ్ములో సగం మావాడు తన జీతంలో నుండి నెలనెలా కట్టాడు. అమ్మాయి పెండ్లికి మేము అనుకొన్న నగల్లో ఒక గొలుసు తగ్గింది. ఆ సంగతి తెలిసి అమ్మాయే, "పోనీలే నాయనా, పెదనాయన పెండ్లికి వస్తే చాలు" అంది. ఆయన వచ్చాడు. మా పక్కనే కూర్చున్నాడు.

దాని ఫలితం ఇంకొక చోట కనిపించింది. రెండేండ్ల తర్వాత తమిళనాడు వైపు ఒక బట్టల మిల్లువారు మావాణ్ణి పిలిచి, గాలి చాలడం లేదు, ఇంకొక కంప్రెసర్ కావాలి అన్నారు. ధర కాగితం వ్రాసిస్తే చాలు, ఆర్డరు చేతిలో పడినట్లే. వాడు ఆ ఆదివారం మిల్లు ఆగి ఉన్నప్పుడు లోపలికి పోనివ్వమని అడిగాడు. మగ్గాలు ఆగి ఉన్నా కంప్రెసర్ మాత్రం ఆగి ఆగి నడుస్తూనే ఉంది. అంటే గాలి ఎక్కడో కారిపోతోంది. సబ్బు నురగ పూసుకొంటూ పైపులన్నీ వెదికాడు. కీళ్ళ దగ్గర, పాత రబ్బరు గొట్టాల దగ్గర ఎన్నో రంధ్రాలు దొరికాయి.

ఏడు బార్ల ఒత్తిడి గల పైపులో మూడు మిల్లీమీటర్ల రంధ్రం ఒకటుంటే, దాని గుండా పోయే గాలిని తయారుచేయడానికి సుమారు మూడున్నర కిలోవాట్ల కరెంటు పడుతుంది. ఏడాదికి 6000 గంటలు నడిచే మిల్లులో అది 20,000 యూనిట్లకు పైమాట. సరిగా చూసుకోని ఫ్యాక్టరీల్లో కంప్రెసర్ గాలిలో 20 నుండి 30 శాతం ఇట్లాగే వృథా అవుతుంది. "మీకు కొత్త కంప్రెసర్ వద్దు సార్, ముందు ఈ కారేవి మాన్పండి" అని వ్రాసిచ్చి వచ్చాడు.

పై అధికారికి కోపం వచ్చింది. ఆ మూడు నెలల ఇన్సెంటివు పోయింది. ఇంటికి ఫోను చేసి, "తప్పు చేసినానా నాయనా?" అని అడిగాడు. వాళ్ళమ్మ ఫోను తీసుకొని, "రాత్రి నిద్ర పట్టిందా లేదా చెప్పు" అంది. "పట్టింది" అన్నాడు. "అయితే తప్పు కాదులే" అంది.

ఆ మిల్లువారు మర్చిపోలేదు. రెండేండ్లకు కొత్త షెడ్డు కట్టినప్పుడు వేరెవరినీ పిలవలేదు. మంచి చేస్తే ప్రతిసారీ ఇట్లా ఆర్డరు తిరిగి వస్తుందని మేము చెప్పము. అట్లా చెప్పి పోగొట్టుకొన్న ఆర్డర్లు ఇంకా మూడు నాలుగు ఉన్నాయని, అవి తిరిగి రాలేదని మావాడే చెబుతాడు.

పంపేముందు అడగవలసినవి

ఈ దారి అందరికీ సరిపడదు. కొత్తవారితో మాట్లాడటానికి బిడియపడే పిల్లవాణ్ణి బలవంతంగా పంపవద్దు. డిజైను మీద, పరిశోధన మీద మనసున్నవానికి ఆ దారే మేలు. పంపదలచిన తల్లిదండ్రులు, చేరదలచిన యౌవనస్థులు ముందుగా కొన్ని సంగతులు కనుక్కోవాలి.

మొదటిది జీతం. ఉత్తరంలో కనిపించే పెద్ద అంకెలో నెలనెలా తప్పక వచ్చేది ఎంత, అమ్మితేనే వచ్చేది ఎంత? ఇంటి ఖర్చులు, అప్పుల వాయిదాలు తప్పక వచ్చే దానిలోనే సరిపోవాలి. ఇన్సెంటివును నమ్ముకొని అప్పు చేసినవాడికి, నెలాఖరున అబద్ధమాడమని అతని అప్పే నేర్పుతుంది. మావాడి విషయంలో అదే జరిగింది.

రెండవది శిక్షణ. చేరగానే సంచి ఇచ్చి రోడ్డు మీదికి పంపే సంస్థ కంటే, కొన్ని నెలలు సర్వీసు విభాగంలో యంత్రాలు విప్పి బిగించే పని నేర్పే సంస్థ మేలు. యంత్రం లోపల చూడనివాడు బయట దాని గొప్పలు మాత్రమే చెప్పగలడు.

మూడవది అమ్మిన తర్వాతి సేవ. విడిభాగాలు దొరుకుతాయా, పిలిస్తే మెకానిక్కు వస్తాడా? అది లేని సంస్థలో తిట్లు తినేది అమ్మినవాడే.

నాల్గవది ప్రయాణం. నెలలో ఎన్ని రాత్రులు ఇల్లు వదలాలి? పెండ్లయినవారు భార్యతో కూర్చొని ఈ లెక్క చూసుకోవాలి. రాత్రిపూట మోటారు సైకిలు ప్రయాణాలు వద్దని మొదటినుండే చెప్పుకోవాలి.

ఐదవది శోధనలు. కొనుగోలు చేసే ఉద్యోగులు కొందరు తమకు వాటా కావాలంటారు. ఆర్డరు కోసం మందు పార్టీలు ఇమ్మంటారు. ఈ మాటలు వచ్చినప్పుడు ఆలోచించుకొందామంటే కుదరదు. ఇంటి దగ్గరే నిర్ణయించుకొని బయలుదేరాలి. "నేను లెక్క తప్ప వేరే ఏదీ ఇవ్వలేను సార్" అని నవ్వుతూ చెప్పడం మావాడు అలవాటు చేసుకొన్నాడు. కొన్ని తలుపులు మూసుకొన్నాయి. ఒకసారి ఆ మాట అన్నవాడని తెలిసిన తర్వాత అడిగేవాళ్ళు కూడా తగ్గారు.

తల్లిదండ్రులమైన మనం కూడా ఒకటి మానుకోవాలి. బిడ్డ ఉద్యోగం పేరు చూసి పొంగిపోవడం, కుంగిపోవడం మానుకోవాలి. ఫ్యాక్టరీ గేటు లోపల ఉన్నంత మాత్రాన గొప్ప కాదు, గేటు బయట సంచితో నిలబడినంత మాత్రాన చిన్నతనమూ కాదు. ఆ రోజు మేము అన్న ఒక్క మాటకు మావాడు మూడు నెలలు ఇంటికి దూరమయ్యాడు. ఇంటితో మనసు విప్పి మాట్లాడుకోగలిగే సమయంలో, "నాయనా, లక్ష్యం అందలేదు, భయంగా ఉండాది" అని వాడు మాతో చెప్పి ఉంటే, ఆ జనరేటరు అమ్ముడుపోయి ఉండేది కాదేమో.

ఆ తల్లికి మరుసటి ఆదివారం ఇదే చెప్పాము. "పంపండమ్మా. కాని పంపేముందు వాణ్ణి ఒక మాట అడగండి. రేపు నువ్వు అమ్మబోయే దాన్ని, నువ్వు చెప్పబోయే మాటలే చెప్పి, మన ఊళ్ళో మన పక్కింటివాళ్ళకు అమ్మగలవా? అమ్మి, మరుసటి ఆదివారం వాళ్ళ పక్కన కూర్చోగలవా? కూర్చోగలనంటే నిశ్చింతగా పంపండి."

ఆమె కాగితం మడిచి మళ్ళీ బైబిలులో పెట్టుకొంది. "ఈ పొద్దు రాత్రికే అడుగుతానయ్యా" అంది.